తీర్థమిచ్చే చేయి

బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు ముగించుకొని పైకి వచ్చేవారిని మందమర్రిలో చూడనివారుండరు. ముఖాలన్నీ ఒకే నలుపు. ఎవరే కులమో కన్నతల్లి సైతం చప్పున పోల్చలేదు. స్నానమాచరించి, ఉతికిన బట్ట కట్టి, ఆలయ ద్వారం దాటేసరికి మాత్రం ఆ భేదాలన్నీ ఎక్కడి నుండో తిరిగి వచ్చి చేరుతాయి.

సుమారు ముప్పది సంవత్సరాల క్రితం ఒక బాయి కార్మికుడు ప్రతి సోమవారం మా శివాలయానికి వచ్చేవాడు. నందీశ్వరుని దాటి ముందుకు వచ్చేవాడు కాడు. అతనికి తీర్థమిచ్చేటప్పుడు నా చేతిలోని ఉద్ధరిణి నాకు తెలియకుండానే జానెడు పైకి లేచేది. ఒకనాడతడు మెల్లగా అడిగాడు: "అయ్యగారూ, అందరికి చేతికి దగ్గరగ పోస్తరు, నాకే మీది నుంచి పోస్తరు. గట్ల పొయ్యమని దేవుడు చెప్పిండా?" నేను బదులు పలుకలేదు. ఆరు మాసాలు గడిచాక అతడు ఆదివారం ప్రార్థనకు వెళ్తున్నాడని తెలిసింది. మతం మారాడని మా వాడలో పలువురు నొచ్చుకున్నారు. అతణ్ణి పంపినవారిలో నేనూ ఒకణ్ణన్న సంగతి నాడెవరికీ చెప్పుకోలేదు.

నాటి ఉదయమే అభిషేకవేళ నమకం పఠించి ఉన్నాను. ఆ రుద్రాధ్యాయంలో వడ్రంగులకు, కుమ్మరులకు, కమ్మరులకు, వేటగాండ్రకు, నిషాదులకు రుద్రస్వరూపులుగా నమస్కారాలున్నాయి. స్వరం తప్పకుండా చదివాను. చదివినది చేతిలోకి దిగలేదు.

ఆ ప్రశ్న వెంట పడి నడుస్తూ ఉండగానే, చాలా ఏండ్లకు, డోర్నకల్ బిషప్ అజరయ్య చరిత్ర నా కంటబడింది. వేదం చదువుకున్నవాడికి పాదరీ చరిత్రతో పనేమిటని మిత్రులు పరిహసించారు. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు నీరు ఏ బావిదని అడుగుతామా?

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తమిళనాట తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళైలో జన్మించారు. తండ్రి గ్రామ క్రైస్తవ గురువు. వారిది నాడార్ కులం. ఆ కులం పేరు వినగానే మా బోటి అర్చకులకు మరొక సంగతి గుర్తుకు రావాలి. 1897లో కముది గ్రామంలోని మీనాక్షీ సుందరేశ్వరాలయంలో నాడార్లు ప్రవేశించగా వివాదం న్యాయస్థానాలకెక్కింది. ఆలయ ప్రవేశానికి వారికి హక్కు లేదని 1908లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మన దేవుని ముందు ఎవరు నిలువవచ్చునో సముద్రాల ఆవల ఆంగ్లేయ న్యాయమూర్తులు నిర్ణయించవలసిన దుర్గతి మనం తెచ్చుకున్నదే.

ఆ తీర్పు వెలువడిన మరుసటి సంవత్సరం, 1909లో, అజరయ్య డోర్నకల్ చేరారు. తెలుగు వారి భాష కాదు; ముప్పది అయిదవ యేట నేర్చుకున్నారు. తొలినాళ్ళ నివాసం ఒక గుడారం. డోర్నకల్ అప్పటికే రైలు కూడలి. ఇల్లందు ప్రాంతంలో 1871లో డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొనడం, ఆ బొగ్గును తరలించడానికి అక్కడి నుండి శాఖామార్గం పడడం సింగరేణి వారందరికీ తెలిసిన చరిత్రే. మన బొగ్గు వెళ్ళిన దారి పక్కనే ఆ గుడారం వెలసిందన్నమాట.

1910లో ఎడిన్‌బరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో ఆయన ప్రసంగం కొందరు తెల్లదొరలకు రుచించలేదు. మీరు త్యాగాలెన్నో చేశారు, మాకు కావలసింది స్నేహం అన్నది దాని సారాంశం. ధర్మం చేసే చేయి పైన, పుచ్చుకొనే చేయి కింద ఉన్నంతకాలం అది ప్రేమ కాజాలదని ఆయన భావం. ఇది చదివినప్పుడు నాకు నా ఉద్ధరిణి గుర్తుకు వచ్చింది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయనే. ఆయన వెంట నడిచినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. తుదినాళ్ళకు వారి సంఖ్య రెండు లక్షలు దాటింది. వారికి మోక్షం గురించి మాత్రమే చెప్పి ఆయన ఊరకుండలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటిని నాలుగు దయ్యాలుగా పేర్కొని వాటిపై యుద్ధం ప్రకటించారు. పల్లెల్లో బడులు పెట్టించారు. పండుగలను, పాటలను, పంట కానుకలను తెలుగు నేల పద్ధతిలోనే సాగనిచ్చారు. పేదవాడు పుచ్చుకొనేవాడుగా మిగిలిపోరాదని, ఇచ్చేవాడూ కావాలని దానధర్మంపై ప్రత్యేకించి ఒక గ్రంథమే రచించారు. దక్షిణాది క్రైస్తవ గృహాలలో వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి వేరు కుండలో వేసే ఆచారముంది. మన అన్నదానాలకు పిడికెడు బియ్యం ఎత్తిపెట్టే తల్లులకు అది పరాయి ఆచారమనిపించదు.

నాలుగు దయ్యాలలో కడపటి రెండు, అప్పూ తాగుడూ, బొగ్గుబాయి ఊళ్ళలో నేటికీ తిరుగుతున్నాయి. జీతం వచ్చిన సాయంత్రం వడ్డీవాడు ఒక పక్క, సీసా ఒక పక్క నిలుచుంటే ఇంటి ఇల్లాలు ఏ దేవునికి మొక్కుకోవాలి? మేము ప్రవచనాలలో అరిషడ్వర్గాలను వర్ణిస్తాం. ఈ రెండింటి పేరు పెట్టి చెప్పినవారు మాలో తక్కువ.

అజరయ్య చేసినదంతా నాకు సమ్మతమని పాఠకులు తలపరాదు. మతాంతరీకరణ విషయమై 1930లలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన భేదాభిప్రాయం నడిచింది. ఆ వాదంలో నా మనస్సు గాంధీజీ పక్షం. కాని ఆ అజరయ్యయే భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. దేశజనుల నుండి తమవారు విడిపోరాదన్నారు. పోతే, మతం మారినంతనే కులం పోలేదని కూడా ఆయన కళ్ళారా చూశారు. ఒకే ప్రార్థన మందిరంలో మాల, మాదిగల నడుమ ఎడం కొనసాగింది. ఆ బాధ ఆయనను కడదాకా విడువలేదు. నేనిది ఎత్తిపొడుపుగా చెప్పడం లేదు. ఆ జబ్బు మా ఇంటి నుండి వెళ్ళినదే.

కొన్నేండ్ల క్రితం కాజీపేటలో రైలు మారి డోర్నకల్ వెళ్ళాను. 1939 జనవరిలో ప్రతిష్ఠించిన ఆ ప్రధానాలయం చూస్తే ముందు విస్తుపోయాను. పైన మసీదును తలపించే గుమ్మటాలు, లోపల మన ఆలయ మంటపంలో వలె రాతి స్తంభాలు, వాటిపై పద్మాలు. ఒక స్తంభాన్ని తెలియకుండానే తాకి కళ్ళకద్దుకున్నాను. అక్కడి కాపలాదారు ఏమీ అనలేదు; నా పంచెను, విభూతిని చూసి కూర్చోవడానికి కుర్చీ వేశాడు. అదే 1939వ సంవత్సరం జూలై 8న వైద్యనాథ అయ్యర్ అనే బ్రాహ్మణుడు దళితులతో పాటు ఒక నాడార్‌ను కూడా వెంటబెట్టుకొని మధుర మీనాక్షి సన్నిధిలో ప్రవేశించాడు. కముది తీర్పుకు ముప్పది యొక్క సంవత్సరాల తరువాత! అజరయ్య అప్పటికింకా జీవించే ఉన్నారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

మనలోనూ పెద్దలు లేకపోలేదు. తిరుప్పాణాళ్వారును అర్చకుడు భుజాలపై మోసిన గాథను వైష్ణవులు నేటికీ భక్తితో స్మరిస్తారు. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకులు రంగరాజన్ హైదరాబాదులో ఒక దళిత భక్తుణ్ణి భుజాలపై ఎత్తుకొని ఆలయంలోకి తీసుకువెళ్ళారు. పత్రికలో ఆ చిత్రం చూసిన నాడు నాకు సంతోషంతో పాటు సిగ్గు కూడా కలిగింది. నన్నెవరూ భుజాలపై మోయమనలేదు. అడిగింది జానెడు కిందికి చేయి దించమని.

ఆ కార్మికుడు బాయి పని నుండి దిగిపోయి చాలా కాలమైంది. నిరుటి కార్తికంలో భార్యతో ఆలయానికి వచ్చాడు. ఆమె మతం మారలేదు, సోమవారం విడువలేదు. అతడు యథాప్రకారం నంది వెనుకనే నిలుచున్నాడు. నేను పంచపాత్ర పట్టుకొని అతని వద్దకే వెళ్ళాను. నవ్వాడు. "నేనిప్పుడు తీస్కోను గదా అయ్యగారూ. మా ఇంటామెకు పొయ్యుండ్రి" అన్నాడు.

ఆమె దోసిలి పట్టింది. ఉద్ధరిణి అరచేతిని తాకేంత దగ్గరగా దించి తీర్థం పోశాను. అతడు నా చేతి వంకే చూస్తున్నాడు.