యంత్రముల మాట వినుట ఎట్లు?
(ప్రసంగ పాఠము)

గోదావరిఖని మొదలు శ్రీరాంపూరు వరకు గల సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో నూరేసి టన్నుల భారము మోయు డంపర్లు రేయింబవళ్ళు తిరుగుచుండును. అట్టి బండి ఇంజను తేడాగా మ్రోగినచో, వెనుకటి మెకానిక్కు స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి చేర్చి, చప్పుడును బట్టి దోషము చెప్పెడివాడు.

నేటి భారీ వాహనములకు ఆ చెవి యొక్కటే చాలదు. ఇంజనునకు, గేర్లకు, బ్రేకులకు వేరువేరు చిన్న కంప్యూటర్లు కలవు. అవి పెనవేసిన రెండు తీగల మీద ఎడతెగక సంభాషించుకొనుచుండును. ఆ మాటలు మన కంప్యూటరునకు వినబడవలెనన్న దానికొక చెవి అమర్చవలెను. ఆ చెవియే క్యాన్ కార్డు.

క్యాన్ అనగా కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. జర్మనీ దేశపు బాష్ సంస్థ 1983లో దీని రూపకల్పనకు పూనుకొని, 1986లో అమెరికాలోని డెట్రాయిటు నగరమున లోకమునకు ప్రకటించెను. అంతకు పూర్వము ఒక్కొక్క సమాచారమునకు ఒక్కొక్క తీగ వేయుచుండుటచే బండ్లలో తీగల కట్టలు పెరిగిపోవుచుండెను.

రచ్చబండ వద్ద ఇద్దరు ఒకేసారి నోరు తెరచినచో ఇద్దరి మాటయు చెడును. ఇచ్చట అట్లు కాదు. ప్రతి సందేశమునకు ముందు ఒక సంఖ్య యుండును. రెండు సందేశములు ఒకేసారి బయలుదేరినచో తక్కువ సంఖ్య గలదియే సాగును. రెండవది తనంత తానే ఆగి, పిమ్మట మరల ప్రయత్నించును. సాగిన సందేశమునకు ఇసుమంతయు లోపము రాదు. కావుననే అత్యవసరమైన వార్తలకు తక్కువ సంఖ్యలు కేటాయింతురు.

ఇక కార్డు అమర్చు విధము. బల్లమీది కంప్యూటరునకైనచో లోపల గుచ్చు కార్డు, ల్యాప్‌టాపునకైనచో యు.ఎస్.బి. పెట్టె తగును. లోపల అమర్చునపుడు కంప్యూటరును ఆపి, ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. పెట్టె యొక్క లోహభాగమును చేతితో తాకి, దేహమందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. పిమ్మట కార్డును అంచులతో పట్టి, గాడిలో సమముగా దింపి, మరను బిగించవలెను. దానికి సంబంధించిన డ్రైవరును తయారీదారు చెప్పిన వరుసలోనే ఎక్కించవలెను.

కార్డు వెనుక సాధారణముగా తొమ్మిది పిన్నుల కనెక్టరు ఉండును. వాడుకలోనున్న పద్ధతి ప్రకారము 7వ పిన్ను క్యాన్ హై, 2వది క్యాన్ లో, 3వది గ్రౌండు. ఐనను కార్డుతో వచ్చిన పుస్తకము చూచియే తీగలు కలుపవలెను.

తీగల రెండు కొనల యందు 120 ఓముల నిరోధకము ఒక్కొక్కటి ఉండవలెను. అది లేనిచో, బావిలో పలికిన మాట ప్రతిధ్వనించినట్లు, సంకేతము కొననుండి వెనుకకు మరలి తరువాతి మాటను చెరచును. పరీక్ష సులభము. బండి విద్యుత్తును పూర్తిగా ఆపి, రెండు తీగల నడుమ మీటరు పెట్టి చూడుడు. 60 ఓములు చూపినచో సరియే. 120 చూపినచో ఒక కొన నిరోధకము లేదు. 40 చూపినచో ఒకటి ఎక్కువైనది. అనేక పర్యాయములు ఆ అదనపుది కార్డులోనే దాగి యుండును. నడుమ తగిలించు కార్డునకు నిరోధకము అక్కరలేదు.

వేగము కుదుర్చుట అన్నిటికంటె ముఖ్యము. భారీ వాహనములలో సెకనుకు 250 కిలోబిట్లు చిరకాలముగా వాడుకలోనున్న వేగము. 500 కిలోబిట్లవియు కలవు. మన రేడియోలో స్టేషను సరిగా కుదరనిచో మన ఇంట గరగర మాత్రమే వినబడును. ప్రసారమునకు భంగము కలుగదు. క్యాన్ కార్డు సంగతి వేరు. వేగము తప్పుగా పెట్టిన కార్డు, తనకు అర్థము కాని ప్రతి మాటను తప్పని చాటుచు, ఇతరుల సందేశములను సైతము చెరుపును. ఆ తీగల మీదనే బ్రేకుల వార్తలును పోవుచుండవచ్చును!

కావున తొలుత కార్డును వినుటకు మాత్రమే పరిమితము చేయు పద్ధతిలో నుంచవలెను. అపుడది తప్పును చాటదు, అందినదని బదులును పలుకదు. అయితే బల్లమీద ఒకే పరికరమును పరీక్షించునపుడు ఈ పద్ధతి పనికిరాదు. బదులు పలుకువారు లేక ఆ పరికరము ఒకే మాటను మరల మరల పంపుచుండును. అచ్చట కార్డు పలుకవలెను. రెండు నిరోధకములును మనమే అమర్చవలెను.

బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డములు పెట్టి, బాధ్యత గల ఇంజనీరు అనుమతితోనే పని ఆరంభించవలెను. కదలుచున్న బండికి పరీక్ష పేరిట ఒక్క సందేశమైనను పంపరాదు. పెద్దల సభలోనికి క్రొత్తగా వచ్చినవాడు కొంతసేపు విని, పిమ్మట నోరు విప్పుట మర్యాద. ఇచ్చట ఆ మర్యాద మీదనే డ్రైవరు ప్రాణము ఆధారపడి యున్నది.