ప్రీమియం పుట్టగొడుగులు: ప్యాకెట్ మీద అమీన్‌పూర్ అడ్రస్.. దాచాలా? చూపించాలా?

‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’.. గల్లీకో కాలేజీ వెలిస్తే మనం అనే మాట ఇది. ఎక్కడపడితే అక్కడ, లెక్కాపత్రం లేకుండా అని అర్థం. మరి అదే పుట్టగొడుగుని ఖరీదైన బ్రాండ్‌గా అమ్మాలంటే? అమీన్‌పూర్‌లో ఫామ్ పెట్టేవాళ్లకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. అదే అడ్రస్.

ప్యాక్ చేసిన వారి పేరు, చిరునామా ప్యాకెట్ మీద ఉండాల్సిందే. చట్టం అలా చెబుతోంది. పటాన్‌చెరు పక్కనే అనగానే జనానికి గుర్తొచ్చేది ఫ్యాక్టరీలు, కాలుష్యం. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. ఎందుకంటే పెరిగే గడ్డిలో, పోసే నీళ్లలో సీసం, కాడ్మియం లాంటివి ఉంటే పుట్టగొడుగులు వాటిని పీల్చుకుంటాయి.

ఇక డిజైనర్‌కి ముందుగా తట్టే ఐడియా.. చెరువు బొమ్మ. అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. ఫ్లెమింగోలు కూడా వచ్చిన చెరువు అది. లోగోలో ఒకటి పెడితే అందంగానే ఉంటుంది. కానీ షెడ్డులో వాడే నీళ్లకీ, ఆ పక్షికీ ఏంటి సంబంధం?

అంతకన్నా గట్టి డిజైన్ ఒకటుంది. ప్యాకెట్ ముందు వైపే క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు కనిపించాలి. నీళ్లది, పుట్టగొడుగులదీ.. రెండూ. గడ్డి ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా రాస్తే ఇంకా మంచిది. రిపోర్టు తేడాగా వస్తే? అప్పుడు మార్చాల్సింది లోగో కాదు, నీళ్లు.

నిజానికి ఈ అడ్రస్‌లో లాభం కూడా ఉంది. గచ్చిబౌలి, మాదాపూర్ హోటళ్లు దగ్గరే. పొద్దున కోసినవి మధ్యాహ్నానికి వంటింట్లో ఉంటాయి. కాబట్టి ‘కోసిన రోజు, టైమ్’ పెద్ద అక్షరాలతో వేయండి. దూరం నుంచి వచ్చే సరుకు ఆ మాట అంత ధైర్యంగా చెప్పలేదు.

ప్యాకింగ్‌లోనూ జాగ్రత్త. కోసిన తర్వాత కూడా పుట్టగొడుగులు ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. గాలి ఆడకుండా సీల్ చేస్తే చెమ్మ పట్టి జిగురొస్తాయి. కవర్‌కి చిన్న రంధ్రాలు తప్పనిసరి. గులాబీ రంగు ఆయిస్టర్ ఫొటోలో అదిరిపోతుంది గానీ, త్వరగా వాడిపోతుంది. పెనం మీద ఆ రంగూ నిలవదు. మన ఎండలకి మిల్కీ రకమే నయం, నిల్వ కూడా ఎక్కువ.

సర్టిఫికెట్ లేకుండా ‘ఆర్గానిక్’ అని, ‘షుగర్ తగ్గుతుంది’ అని రాస్తే చిక్కులు తప్పవు.

చివరగా పేరు. ‘ఫ్రెష్ మష్రూమ్స్’ లాంటి మామూలు మాటకి ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం. తాజా పుట్టగొడుగులు 31వ క్లాస్ కిందకి వస్తాయి. ఎండబెట్టినవి కూడా అమ్మే ఆలోచన ఉంటే 29వ క్లాస్‌లోనూ ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి.