తిన్నని జుట్టుకు త్వరగా జిడ్డు పడుతుంది... ఎందుకు?

ఆదివారం తలంటుకుంటే మంగళవారానికల్లా జుట్టు మాడుకు అతుక్కుపోతుంది. ఉంగరాల జుట్టున్న వాళ్లకు మాత్రం అంత త్వరగా జిడ్డు కనిపించదు. ఎందుకు?

మాడు మీద వెంట్రుకల కుదుళ్ల పక్కనే చిన్న తైలగ్రంథులు ఉంటాయి. అవి విడుదల చేసే నూనె పేరు సీబమ్. చర్మం, వెంట్రుక ఎండిపోకుండా కాపాడేది అదే. తిన్నని వెంట్రుక మీద ఈ నూనె జారుడుబల్ల ఎక్కిన పిల్లాడిలా సులువుగా కిందికి వచ్చేస్తుంది. ఉంగరాల జుట్టులోనైతే మలుపులు అడ్డుపడతాయి. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరగడంతో గ్రంథులు ఇంకా ఎక్కువ నూనె తయారుచేస్తాయి.

మరి జిడ్డు వదిలేదెలా?

నూనె నీటిలో కలవదు కాబట్టి ఉత్త నీళ్లు చాలవు. షాంపూలోని శుభ్రపరిచే అణువుల్లో ఒక కొస నూనెను, రెండో కొస నీటిని పట్టుకుంటాయి. నీళ్లు పోయగానే జిడ్డు కొట్టుకుపోతుంది. కుంకుడుకాయలోని సపోనిన్లు చేసేదీ ఇదే పని.

షాంపూను మాడుకు పట్టించి, కండిషనర్‌ను కొసలకే రాయండి. కొబ్బరినూనె పెట్టుకోవాలంటే తలస్నానానికి ముందు పెట్టుకోండి. జుట్టును మాటిమాటికీ తడమకండి. దువ్వెననూ కడుగుతుండండి, లేదంటే దాని పళ్లకు పట్టిన పాత జిడ్డు మళ్లీ తలకెక్కుతుంది!