గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు తెర లెక్క చూడండి

‘‘అన్నా, ఫుల్ హెచ్‌డీ చాలా, క్యూహెచ్‌డీ తీసుకోవాలా?’’ గేమింగ్ ల్యాప్‌టాప్ కొనబోయే విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఇంట్లోవాళ్లను ఒప్పించి, ఈఎంఐ పెట్టించి కొనే వస్తువు ఇది. రాత్రి గేములే కాదు.. పగలు కోడింగ్, ప్రాజెక్టు, ఆన్‌లైన్ టెస్టులు, రేపు ఇంటర్వ్యూలు అన్నీ దీని మీదే. నాలుగేళ్లు కళ్లముందు ఉండే తెరను షాపులో ఐదు నిమిషాల డెమో చూసి ఎంచుకోవద్దు. కాస్త లెక్క వేయండి.

పిక్సెళ్లు పెరిగితే ఏమవుతుంది?

రిజల్యూషన్ అంటే తెర మీద ఎన్ని చుక్కలు ఉన్నాయో చెప్పే లెక్క. 1920×1080 ఉండే ఫుల్ హెచ్‌డీలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 2560×1440 క్యూహెచ్‌డీలో 36.9 లక్షలు. ఇప్పుడు చాలా 16 అంగుళాల మోడళ్లలో కనిపించే 2560×1600లో 41 లక్షలు. ఇక 3840×2160 ఉండే 4కేలో ఏకంగా 82.9 లక్షలు. అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు.

ఈ చుక్కలన్నింటికీ రంగు లెక్కగట్టేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 144 ఫ్రేములు కావాలంటే ఫుల్ హెచ్‌డీలో సెకనుకు దాదాపు 30 కోట్ల పిక్సెళ్లు గీయాలి. 2560×1600లో అదే పని 59 కోట్లకు చేరుతుంది. పిక్సెళ్లు రెట్టింపైతే ఫ్రేములు కచ్చితంగా సగమే అవుతాయని కాదు. కానీ బరువైన గేముల్లో బాగా పడిపోతాయి. పైగా రిజల్యూషన్ పెరిగేకొద్దీ గ్రాఫిక్స్ మెమరీ కూడా ఎక్కువ కావాలి. అందుకే తెర, కార్డు జోడీ కుదరాలి. బలహీనమైన కార్డుకు పెద్ద రిజల్యూషన్ తగిలిస్తే స్పెక్ షీట్ బాగుంటుంది, గేమ్ మాత్రం ఈడ్చుకుంటూ నడుస్తుంది.

‘సెట్టింగ్స్‌లో తగ్గించుకుంటే పోలా?’

ఇక్కడో చిక్కుంది. 4కే తెర మీద గేమ్‌ను 1080కి తగ్గిస్తే ఒక్కో పిక్సెల్‌ను నాలుగు పిక్సెళ్లతో సరిగ్గా నింపే వీలుంది. క్యూహెచ్‌డీలో ఆ భాగహారం కుదరదు. 1440ని 1080తో భాగిస్తే 1.33 వస్తుంది. దాంతో అక్షరాలు, అంచులు కాస్త మసకబారతాయి.

దీనికి మందు అప్‌స్కేలింగ్. ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్, ఇంటెల్ ఎక్స్‌ఈఎస్‌ఎస్ ఈ కోవలోవే. గేమ్‌ను తక్కువ రిజల్యూషన్‌లో గీసి, తెర సైజుకు తెలివిగా పెంచుతాయి. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్‌లో 2560×1600 తెరకు గేమ్ లోపల దాదాపు 1707×1067లోనే తయారవుతుంది. అంటే ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువ పిక్సెళ్లే! అప్‌స్కేలింగ్‌కు కార్డు కొంత శ్రమ పడాలి, నిజమే. అయినా ‘క్యూహెచ్‌డీ అంటే భారం’ అనే పాత మాటలో ఇప్పుడు మునుపటి బలం లేదు. అయితే గుర్తుంచుకోండి.. ఇది అన్ని గేముల్లో ఉండదు. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఇదే మోడ్ పెడితే గేమ్ 1280×720లో తయారవుతుంది. అక్కడ తేడా కంటికి తెలిసిపోతుంది.

రిజల్యూషనా, హెర్ట్జా?

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి గేములు ఆడేవాళ్లకు స్పష్టత కన్నా వేగం ముఖ్యం. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి బొమ్మ మారుస్తుంది. 144 హెర్ట్జ్ తెరకు 6.9 మిల్లీసెకన్లు చాలు. వీళ్లకు ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ చక్కటి జోడీ. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి కథా గేములు నెమ్మదిగా చూస్తూ ఆడేవారికైతే క్యూహెచ్‌డీ అందం తెలుస్తుంది.

చదువుకు ఏది మేలు?

గేమింగ్ పక్కన పెట్టి చూసినా ఈ ఎంపిక ముఖ్యమే. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 141 పిక్సెళ్లు వస్తాయి. క్యూహెచ్‌డీలో 188. గంటల తరబడి కోడ్ చదివేటప్పుడు అక్షరాల పదును తెలుస్తుంది.

అంతకన్నా పెద్ద విషయం తెర మీద దొరికే చోటు. ఫుల్ హెచ్‌డీలో విండోస్ స్కేలింగ్ 125 శాతం పెడితే మీకు మిగిలేది 1536×864 అంత జాగానే. 2560×1600లో 150 శాతం పెట్టినా 1707×1067 దొరుకుతుంది. ఒకవైపు కోడ్, మరోవైపు అవుట్‌పుట్ పెట్టుకున్నప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. బడ్జెట్ అంత లేకపోతే 1920×1200 తెర వెతకండి. ఫుల్ హెచ్‌డీ కన్నా పిక్సెళ్లు 11 శాతమే ఎక్కువ, కాబట్టి కార్డుకు పెద్ద బరువు కాదు. ఎడిటర్‌లో మాత్రం ఐదారు లైన్లు అదనంగా కనిపిస్తాయి.

‘తర్వాత మానిటర్ కొనుక్కుంటాలే’ అనుకోవచ్చు. హాస్టల్ గదిలో అది మంచి మార్గమే. కానీ నిఘాతో జరిగే ఆన్‌లైన్ టెస్టుల్లో సాధారణంగా రెండో తెరను అనుమతించరు. ఆ రోజు ప్రశ్న, ఎడిటర్, టెస్ట్ కేసులు అన్నీ ల్యాప్‌టాప్ తెర మీదే సర్దుకోవాలి.

ఎవరికి ఏది?

ఆర్‌టీఎక్స్ 3050, 4050 తరగతి కార్డయితే: ఫుల్ హెచ్‌డీ లేదా 1920×1200. అంతకు మించి వద్దు.

ఆర్‌టీఎక్స్ 4060, 5060 అయితే: 2560×1600 తీసుకోవచ్చు. బరువైన గేముల్లో అప్‌స్కేలింగ్ వాడటానికి సిద్ధపడండి. ఈ రెండింటికీ ల్యాప్‌టాప్‌లలో 8 జీబీ మెమరీయే.

ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, ఆపైన అయితే: క్యూహెచ్‌డీ నిశ్చింతగా తీసుకోండి.

4కే అయితే: వీడియో ఎడిటింగ్, వీఎఫ్‌ఎక్స్ వైపు వెళ్లేవారు ఆలోచించవచ్చు. 15.6 అంగుళాల తెర మీద గేముల కోసమే అయితే డబ్బు దండగ.

బిల్లు కట్టే ముందు..

కార్డు పేరు ఒక్కటే చూడొద్దు, వాట్లు అడగండి. ఆర్‌టీఎక్స్ 4050నే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా అమర్చే వీలుంది. పేరు ఒకటే, పనితీరు వేరు.

రంగులు చూడండి. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే తెర వెలవెలబోతుంది. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’, కనీసం 300 నిట్ల వెలుగు ఉన్నది వెతకండి. పేలవమైన క్యూహెచ్‌డీ కన్నా మంచి ఫుల్ హెచ్‌డీ మేలు.

బ్యాటరీ మరవద్దు. ఎక్కువ పిక్సెళ్లు, ఎక్కువ హెర్ట్జ్ రెండూ చార్జింగ్ తాగేస్తాయి. క్లాసులో ఉన్నప్పుడు 60 హెర్ట్జ్‌కు మార్చుకోండి.

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రేపు పెంచుకోవచ్చు. మీ మోడల్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో ముందే అడగండి. గ్రాఫిక్స్ కార్డును మాత్రం మార్చలేరు, తెర మార్చడమూ తేలిక కాదు. కాబట్టి ముందు కార్డు, తర్వాత తెర నాణ్యత, ఆ తర్వాతే రిజల్యూషన్. బడ్జెట్ బిగువుగా ఉంటే ఈ వరుసలోనే ఖర్చుపెట్టండి. మిగిలినవి మొదటి జీతంతో కొనుక్కోవచ్చు!