మిగిలినదానినిబట్టి మొత్తమును కనుగొనుట

కళ్లమునందు ధాన్యము కొలిచిన నాడే మొత్తమును వ్రాసియుంచని రైతులు పెక్కుమంది కలరు. కూలి యిచ్చి, బాకీ తీర్చి, విత్తనము తీసి, కొంత అమ్మిన పిమ్మట గాదెలో మిగిలినది మాత్రమే కంటికి కనబడును. అప్పుడు ఉమ్మడి సేద్యములో పాలుగల తమ్ముడు “అన్నా, ఈ యేడు పంట యెంత?” యని యడిగినచో నోటిలెక్క చెప్పవలసివచ్చును. ఆ లెక్క తప్పినచో తగవు పుట్టును. అట్టివేళ మొత్తమును నిశ్చయముగా తెలిసికొను మార్గము నిచ్చట వివరింప దలచితిమి.

ఒక రైతు తన పంటలో ఐదవ వంతు కూలిక్రింద నిచ్చెను. మిగిలినదానిలో నాలుగవ వంతు సంఘమునకు బాకీక్రింద చెల్లించెను. పిమ్మట 3 బస్తాలు విత్తనమునకు తీసెను. అటుపైని మిగిలినదానిలో మూడవ వంతు అమ్మెను. ఇంట 30 బస్తాలు నిలిచెను. పంట యెంత?

ఈ లెక్కను తుదినుండి మొదలిడవలెను. అమ్మినది మూడవ వంతు గనుక, ఇంటనున్న 30 బస్తాలు మూడు పాళ్లలో రెండు పాళ్లు. ఒక పాలు 15. అమ్మకమునకు ముందున్నది 45. విత్తనము 3 కలుపగా 48. ఇది నాలుగు పాళ్లలో మూడు; ఒక పాలు 16; బాకీకి ముందున్నది 64. ఇది ఐదు పాళ్లలో నాలుగు. ఒక పాలు 16. మొత్తము 80 బస్తాలు.

పలువురు పొరబడు చోటొకటి కలదు. మూడవ వంతు పోయినది గదా యని 30లో మూడవ వంతగు 10 కలిపి 40 అందురు. తుదివరకు అట్లే చేసినచో మొత్తము 64½ వచ్చును; 15½ బస్తాలు లెక్కలోనే మాయమగును! పోయిన వంతు ముందున్న రాశిలోనిది గాని, మిగిలిన రాశిలోనిది కాదు. కావున మూడవ వంతు పోయినప్పుడు మిగిలినదానిలో సగమును, నాలుగవ వంతు పోయినప్పుడు మూడవ వంతును, ఐదవ వంతు పోయినప్పుడు నాలుగవ వంతును కలుపవలెను.

ఈ విధానము మనకు క్రొత్తది కాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతమున దీనిని చెప్పియున్నాడు: హెచ్చవేసినచోట భాగింపవలెను, కలిపినచోట తీసివేయవలెను. 9వ శతాబ్దమునందలి మహావీరాచార్యుడు మొత్తములో వంతుల లెక్కలను భాగజాతి యనియు, మిగిలినదానిలో వంతుల లెక్కలను శేషజాతి యనియు వేరుపరచెను. ఆయన గ్రంథమునే పావులూరి మల్లన తెలుగు చేసెను.

పైది శేషజాతి. భాగజాతి లెక్క యొకటి చూడుడు. మొత్తములో ఐదవ వంతు కూలికి, మొత్తములోనే నాలుగవ వంతు బాకీకి, 3 బస్తాలు విత్తనమునకు పోగా 30 మిగిలెను. ఇచ్చట బీజగణితము సుకరము. తెలియని మొత్తమునకు ‘య’ యని పేరిడుదము. ‘య’ను 20 పాళ్లు చేసినచో కూలికి 4, బాకీకి 5 పోయి 11 పాళ్లు మిగులును. అవి 30, 3 కలిసిన 33 బస్తాలు. ఒక పాలు 3. కావున ‘య’ 60 బస్తాలు. ఇందే బాకీ ‘మిగిలినదానిలో’ నాలుగవ వంతని చదివినచో 33, 44, 55 అని 55 బస్తాలే వచ్చును. ఒక్క మాట మారినందున 5 బస్తాలు తేడా!

కావున ‘దేనిలో వంతు?’ అని మొదట విచారింపవలెను. జవాబు వచ్చిన పిమ్మట మొదటినుండి సరిచూడవలెను: 80లో 16 పోగా 64, మరల 16 పోగా 48, 3 పోగా 45, 15 పోగా 30. సరిపోయినది.

అన్నిటికంటె మేలైనది, కొలత ముగిసిన నాడే మొత్తమును పుస్తకమున వ్రాసికొనుట. వ్రాయనివారికి ఈ లెక్క అక్కరకు వచ్చును. వ్రాసినవారికి తమ వ్రాత సరియా కాదా యని తెలుపును.