మిద్దెపై ప్రొద్దుతిరుగుడు

ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్టు ఆబిడ్ గారి యంగడివలన మన హైదరాబాదులో నొక పేటకు ఆబిడ్స్ అను పేరు వచ్చినది. పరదేశీయుని పేరైనను నేడది మనదే. ప్రొద్దుతిరుగుడు పువ్వును నట్టిదే. దీని పుట్టినిల్లు ఉత్తర అమెరికా. అచ్చటి ఆదివాసులు 4,000 ఏండ్లకు పూర్వమే దీనిని సాగుచేసిరి. మనదేశమున నూనెకై దీని సేద్యము 1969లో రష్యా విత్తనములతో ఆరంభమైనది.

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములందు పెరడుగల యిండ్లు తక్కువ. మిద్దెపై నాలుగు కుండీలున్నను చాలును. అయినను విత్తుటకు ముందు సోదరీమణులు దిక్కు చూచుకొనవలెను.

ఈ పువ్వు దినమంతయు సూర్యునివెంట తిరుగునని తలచెదము. నిజమునకు తిరుగునవి లేతమొక్కయు మొగ్గయు మాత్రమే. పువ్వు విచ్చి కాడ ముదిరిన పిదప ముఖము తూర్పునకే నిలిచిపోవును. ఉదయపుటెండకు త్వరగా వెచ్చబడు నట్టి పువ్వులపై తేనెటీగలు హెచ్చుగా వ్రాలునని 2016లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కావున మిద్దెకు తూర్పుటంచున నాటితిమా, పువ్వులు వీధివారికి ముఖమును మనకు వీపును చూపును. పడమటి ప్రక్కన నాటినచో మనవైపే చూచును. ప్రక్కమేడల నీడ పడక, దినమునకు ఆరుగంటల యెండ తగులుట ముఖ్యము.

దీపావళి వెళ్లినవెంటనే విత్తనములను అంగుళము లోతున నాటవలెను. తల్లివేరు లోతునకు దిగును గనుక, నారుపోసి మార్చుటకంటె పెరుగవలసిన చోటనే విత్తుట మేలు. కుండీలకు పొట్టిరకములు తగును. అడుగున నీరు పోవు రంధ్ర ముండవలెను. పదిదినములలోపల మొలకెత్తి, రెండున్నర నెలలకు, అనగా నాంపల్లిలో నుమాయిష్ సాగుచుండగనే, పూయును.

ఒంటితల రకము ఒక్కపువ్వుతో ముగియును. అమెరికా బయళ్లలో తనంత పెరుగు మూలజాతివలె కొమ్మలు వేయు రకము పలువారములు పూయును. మేము దానినే మెచ్చుకొందుము. సంకరరకపు గింజలు మరల విత్తిన తల్లిమొక్కను పోలవు; విత్తనము దాచుకొనదలచువారు నాటురకమునే అడిగి తీసికొనవలెను.

మనము ఒక్క పువ్వనునది వందలకొలది చిరుపూవుల కూటమి. తేనెటీగలు తిరిగినచో గింజ చక్కగా కట్టును. మేడలు హెచ్చి పూదోటలు తగ్గిన యీ పేటలలో వాని కాహారము కరవు. పూతవేళ పురుగుమందు చల్లరాదు. తల వెనుకభాగము పసుపువన్నె వీడి గోధుమరంగునకు తిరిగినపుడు కోయవలెను. అంతకుముందే రామచిలుకలు వచ్చును. ఒక్క పువ్వునకు పలుచని గుడ్డ కట్టి విత్తనమునకై కాచుకొని, తక్కినవానిని వాని పాలికి విడుచుట గృహిణికి తగిన ధర్మము.