చెద పట్టిన ఇంటికి సరియైన చికిత్సను ఎంచుకొనుట ఎలా?

విశాఖపట్నం: తొలకరి జల్లుల అనంతరం దీపాల చుట్టూ ఉసిళ్ళు మూగడం, రాలిన రెక్కలు గుమ్మాల వద్ద పేరుకొనడం విశాఖ నగరవాసులకు పరిచితమైన దృశ్యమే. పుట్టను విడిచి కొత్త స్థావరాన్ని వెదకుకొనే రెక్కల చెదలే ఈ ఉసిళ్ళు. ఇవి ఇంటి లోపలి గోడల నుండే వెలువడినట్లయితే, చెద ఇదివరకే ఆ ఇంట స్థిరపడినదని భావించవలసి ఉంటుంది. సముద్రపు తేమ నిరంతరం సోకే ఈ నగరంలో పాతపట్నపు దూలాల ఇళ్ళు, ఉక్కునగరం క్వార్టర్లు, నూతన అపార్ట్‌మెంట్లు ఏవీ ఇందుకు మినహాయింపు కావు. 2014 అక్టోబరు 12న సంభవించిన హుద్‌హుద్ వంటి తుపానులకు కూలిన చెట్ల మొద్దులను ఇంటి ఆవరణలో అలాగే వదలివేస్తే, అవి కూడా చెదలకు ఆహారమవుతాయి.

ఇట్టి సమయంలో గృహస్థులు సాధారణంగా అడిగే ప్రశ్న ‘ఏ మందు మంచిది?’ అన్నది. అయితే, అంతకు ముందు తెలుసుకొనవలసినది ఇంటిని పట్టినది ఏ రకపు చెద అన్న విషయం. గోడల వెంబడి, ద్వారబంధాల పక్కన మట్టి చారలు కనిపిస్తే అది నేల నుండి వచ్చే చెద. దాని పుట్ట భూమిలో ఉంటుంది. మట్టి చారలు లేకుండా, చెక్క సామానుల కింద గసగసాల వంటి గట్టి గుళికలు రాలుతుంటే అది పొడి కలపలోనే నివసించే చెద. దీనికి నేలతో సంబంధం లేదు. కావున ఈ రెండవ రకానికి పునాదుల్లో మందు పోయించడం వలన ధనం వృథా కావడమే గాక, ఇంటి కింద నిష్కారణంగా విషం చేరుతుంది.

నేల చెదకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 6313 ప్రమాణం మూడవ భాగంలో విధానాన్ని నిర్దేశించినది. దీని ప్రకారం గోడ, నేల కలిసే చోట సుమారు 300 మిల్లీమీటర్ల ఎడంలో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, ఒక్కొక్క దానిలో గరిష్ఠంగా ఒక లీటరు వరకు మందు ద్రావణాన్ని పంపి మూసివేయాలి. ఇంటి వెలుపల గోడ చుట్టూ ఉన్న మట్టిని కూడా శుద్ధి చేయాలి. కనిపించిన చోట పైపైన పిచికారీ చేయడం వలన ఆ కొద్ది పురుగులు చనిపోవచ్చును గాని, పుట్ట నశించదు. అపార్ట్‌మెంట్లలో ఒక్క ఫ్లాటుకు మాత్రమే చికిత్స చేయించుట కంటె, నివాసుల సంఘం ద్వారా భవనం మొత్తానికి చేయించుట ప్రయోజనకరం.

మందుల విషయానికి వస్తే, బైఫెంత్రిన్ చెదలను దగ్గరకు రానీయదు. అయితే ఎక్కడైనా ఖాళీ మిగిలితే అవి ఆ దారిన ప్రవేశిస్తాయి. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ మందులను చెదలు పసిగట్టలేవు. వాటి మీదుగా నడచి తోటి చెదలకు కూడా అంటిస్తాయి. ఇమిడాక్లోప్రిడ్‌ను 0.075 శాతం గాఢతతో వాడతారు. చిరకాలంగా వాడుకలో ఉన్న క్లోర్‌పైరిఫాస్‌ను నివాస గృహాల్లో చాలావరకు నిలిపివేసేందుకు అమెరికా 2000 సంవత్సరంలోనే నిర్ణయించగా, 2025లో స్టాక్‌హోం ఒప్పందం కొన్ని మినహాయింపులతో దీనిని నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చినది. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ మందులు మన దేశంలో 1996లోనే నిషేధించబడినవి. వీటిని ఎవరైనా ‘పాత మందు, గట్టి మందు’ అని చూపినచో తిరస్కరించాలి.

ఇంటి ఆవరణలో తాగునీటి బావి గాని, బోరు గాని ఉన్నట్లయితే ఆ సంగతిని ముందుగానే తెలియజేయాలి. మందు నేల ద్వారా నీటిలో కలిస్తే కలిగే హాని చెద నష్టం కంటె అధికం. అట్టి ఇళ్ళకు ఎర పద్ధతి మేలు. చెదలు కుబుసం విడవకుండా అడ్డుకొనే మందును ఎరలో ఉంచితే అవే పుట్టకు చేరవేస్తాయి. ఫలితానికి నెలలు పట్టినా, నేలలో పోసే విషం ఉండదు. పొడి కలప చెదకు పాడైన చెక్కను తొలగించడం, మిగిలిన దానికి చిన్న రంధ్రాల ద్వారా మందు ఎక్కించడం మార్గాలు. విషవాయువుతో చేసే ఫ్యూమిగేషన్‌ను ప్రభుత్వ అనుమతి గల నిపుణులు మాత్రమే చేపట్టాలి.

పని అప్పగించే ముందు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద పొందిన లైసెన్సును పరిశీలించాలి. మందు పేరు, గాఢత, రంధ్రాల మధ్య దూరం, హామీ కాలం, హామీలో ఉచితంగా చేసే తనిఖీల సంఖ్యను లిఖితపూర్వకంగా తీసుకొనాలి. సీలు ఉన్న డబ్బాను తమ ఎదుటనే తెరిపించాలి. రంధ్రాలు వేయుటకు ముందు గోడల్లోని విద్యుత్ తీగల, నీటి గొట్టాల దారులను గుర్తించాలి.

ఏ చికిత్స అయినా తేమ తొలగనిదే నిలువదు. కారే కుళాయిలను, గోడల చెమ్మను సరిచేయాలి. గోడకు ఆనించిన కలపను, అట్టపెట్టెలను దూరంగా ఉంచాలి. తిన్న గుమ్మాన్ని మార్చుకొనవచ్చును. చెద తిన్న ఇంటి దస్తావేజులను, కార్యాలయ రికార్డులను తిరిగి తెచ్చుకొనుట సులభం కాదు. కావున వాటిని గోడకు ఎడంగా ఉక్కు బీరువాలలో భద్రపరచి, వర్షాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి తప్పక పరిశీలించవలసి ఉన్నది.